గుండ్లకమ్మ వెంట కంకరబాటలు
సైకిలు యాత్రకు బయలుదేరు విద్యార్థులకొక పాఠము



మీలో అనేకులు ప్రతిదినమును సైకిలు నెక్కి పాఠశాలకు వచ్చుచున్నారు. ఇంటినుండి బడికిని, బడినుండి ఇంటికిని తిరుగు ఆ చక్రములు సెలవుదినములందు గోడకానుకొని ఊరకయుండును. వానిచే మఱియొక పని చేయింపవచ్చుననియు, అట్లు చేయించినవాడు తాను పుట్టిన సీమను భూగోళ పుస్తకముకంటె బాగుగ చదువగలడనియు తెలుపుటకే యీ వ్యాసము వ్రాయబడినది.

తారురోడ్డును విడిచి, కంకరబాటలను, పొలముల నడిమి డొంకలను, అడవి యంచులను పట్టి సైకిలుపై దూరప్రయాణము చేయుట ఇటీవల ఐరోపా, అమెరికా ఖండములందు మిక్కిలి ప్రచారములోనికి వచ్చినది. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున ఎంపోరియా యను పట్టణమునుండి 2006 సంవత్సరమున కంకరబాటలపై 200 మైళ్ల పందెమొకటి ఆరంభమయ్యెను. ఈ విద్యలో ప్రపంచ విజేత పోటీలు మొదటిసారి 2022లో ఇటలీ దేశమున జరిగినవి. ఇటలీదేశపు కథయే మనకెక్కువ బోధకరము. అచ్చటి టస్కనీ సీమలో ద్రాక్షతోటల నడుమ తెల్లని కంకరబాటలు కలవు. అవి యొకటొకటిగ తారు క్రింద మాయమగుచుండగా, 1997లో జాన్‌కార్లో బ్రోచ్చి యను నతడు పాత సైకిళ్లు గలవారిని పిలిచి ఆ బాటలపై ఒక యాత్ర నడపెను. దానికి 'ఎరోయికా' యని పేరు. ఆ తెల్లబాటలిప్పుడు ఆ సీమకు కీర్తితెచ్చు ఆస్తియై యున్నవి. జనులు నడచుచున్నంతకాలమే బాట బ్రదుకునను మాట ఇందువలన తెలియుచున్నది.

"ఇది ధనికుల వేడుక, మనకెట్లు సాధ్యము?" అని మీరడుగవచ్చును. ఆ శంకను మొదట తీర్చెదను.

1. పాత సైకిలే చాలును

కంకరబాటకని విదేశములందు చేయు సైకిళ్లకు టైరు వెడల్పు సాధారణముగ 35 మొదలు 50 మిల్లీమీటర్లుండును. పందెపు సైకిళ్లకు చాలకాలము 23 మిల్లీమీటర్ల టైరు వాడుచుండిరి. ఇప్పుడు మీ యింటనున్న తాతగారి సైకిలు టైరును పరీక్షింపుడు. దానిపై 28 మరియు ఒకటిన్నర అని అంకెలు కానవచ్చును. ఒకటిన్నర అంగుళమనగా సుమారు 38 మిల్లీమీటర్లు. పాలు పోయువారును, తపాలా బంట్రోతులును ఎన్నో యేండ్లుగా మన డొంకలలో త్రొక్కిన సైకిలు ఈ వెడల్పు గలదియే.

వెడల్పువలని లాభమేమి? గాలి నిండిన టైరును డన్‌లప్పు అనునతడు 1888లో బెల్‌ఫాస్టు నగరమున, తన కుమారుని మూడుచక్రముల బండికై సిద్ధపఱచెను. దాని గుణమిది: చిన్నరాయి యెదురైనపుడు మెత్తని టైరు ఆ రాయియున్నచోట మాత్రమే లోనికి నొక్కుకొని, దానిని దాటిపోవును. గట్టిగ గాలికొట్టిన సన్నని టైరు అట్లు లొంగదు. అది బండిని, బండిమీది మనుష్యుని కూడ ప్రతిరాతికిని పైకెత్తి దింపును. ఆ యెత్తుటకు వలయు శక్తి త్రొక్కువాని కాళ్లనుండియే వ్యయమగును. కావున కంకరబాటపై గాలి కొంచెము తగ్గించుట మేలు. మిక్కిలి తగ్గింపరాదు. తగ్గించినచో రాతికిని ఇనుపచక్రమునకును నడుమ ట్యూబు నలిగి, ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. బొటనవ్రేలితో గట్టిగ నొక్కినపుడు టైరు కొంచెము దిగవలెను; చక్రపుటంచు వ్రేలికి తగులరాదు.

కంకరమీద ముందుబ్రేకును ఒక్కమాటుగ పట్టరాదు. ముందుచక్రము జాఱినచో మనుష్యుడు పడకతప్పదు. వెనుకబ్రేకును ముందుగ, మెల్లగ పట్టవలెను. ఏటవాలు పెద్దదైన దిగి నడిపించుకొని పోవుట అవమానము కాదు. పెద్ద యాత్రికులందఱును అట్లు చేసినవారే.

2. చక్రము క్రింది రాళ్లు

మన బాటలపై రాళ్లు ముఖ్యముగ రెండు జాతులవి. నల్లమల కొండల నెత్తములందు గట్టి రాయి యొకటి కలదు. అది పూర్వకాలపు సముద్రతీరమునందలి ఇసుక గట్టిపడి యేర్పడినది. దానిని క్వార్ట్‌జైటు అందురు. రెండవది లోయలోని పలకరాయి. అది బురద పొరలుపొరలుగ పేరుకొని, ఒత్తిడిచే రాయియైనది. మార్కాపురమునకు పలకల వలన వచ్చిన ప్రసిద్ధి యీ రాతివలననే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలలకు మన కంభము పేరే పెట్టి వ్యవహరింతురు. వీని వయస్సు నూఱుకోట్ల సంవత్సరములకు మించినది.

ఈ భేదము సైకిలువానికి వెంటనే తెలియును. క్వార్ట్‌జైటు ముక్కలు మొనదేలి టైరును కోయును. పలకరాతి పెంకులు చదునుగ నొకదానిపై నొకటి పడియుండి, దిగుడులో కాలిక్రింది పెంకువలె జాఱును. మొదటిదానిపై కన్ను జాగ్రత్తగ నుండవలెను. రెండవదానిపై చేయి జాగ్రత్తగ నుండవలెను. నల్లరేగడి పొలముల డొంకలలో వాన కురిసిన మఱునాడు పోవనేకూడదు. ఆ మన్ను టైరుకును మడ్‌గార్డుకును నడుమ జిగటగ చేరి, చక్రమును కదలనీయదు.

3. ఏటికెదురుగ ప్రయాణము

మనము పడమటి ప్రకాశమని పిలుచు ఈ సీమ 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగ క్రొత్తజిల్లా యేర్పడెను. 1972లో దానికి ప్రకాశమను పేరు కలిగెను. జిల్లాలు మాఱినను ఈ సీమ రూపము మాఱలేదు. పడమట నల్లమల, తూర్పున వెలికొండ. రెంటికిని నడుమ కంభము లోయ. ఆ లోయకు ప్రాణము గుండ్లకమ్మ. అది నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరము దాపున పుట్టి, లోయలోనికి దిగి, కంభము చెఱువును నింపి, మార్కాపురము ప్రాంతమును దాటి, తుదకు బంగాళాఖాతమును చేరును. మన యాత్రకు ఆ నదియే దారిచూపుగాక. నీరు దిగివచ్చిన త్రోవను మనము ఎదురుగ ఎక్కిపోవుదము.

మొదటి మజిలీ మార్కాపురమునుండి కంభమునకు. చెన్నకేశవస్వామి ఆలయగోపురమును వెనుకనిడి, తర్లుపాడు మీదుగ పోవలెను. రైలుమార్గమును ఇటులనే పోవును. ఇది పందొమ్మిదవ శతాబ్ది చివర కొలది వెడల్పు పట్టాలతో వేయబడి, తరువాత పెద్దపట్టాలకు మార్చబడినది. రైలింజను నిటారైన యెత్తు నెక్కలేదు గనుక, ఇంజనీరులు లోయలోని మిక్కిలి చదునైన భాగమును వెదకి పట్టాలు వేయుదురు. కావున రైలుమార్గమునకు సమీపముగ నుండు బండిబాటలు సైకిలుకును సుఖకరములు. కాని పట్టాల ప్రక్కనే త్రొక్కుట నేరము, అపాయము కూడ. ఊళ్లనుండి ఊళ్లకు పోవు బాటనే పట్టవలెను. అలసినవారికి మార్కాపురము రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు స్టేషనులు వరుసగ కలవు.

కంభము చెఱువు కట్టమీద సైకిలు దిగి నిలువుడు. రెండు కొండల నడుమ నదికడ్డముగ కట్టిన ఈ కట్టను, విజయనగర రాజుల కాలమున గజపతుల ఆడుబిడ్డయగు వరదరాజమ్మ కట్టించెనని ప్రసిద్ధి. కట్ట యెత్తు 57 అడుగులు. నీరు నిండినపుడు చెఱువు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 3½ కిలోమీటర్ల వెడల్పు గలదగును. కొలది పొడవుగల కట్ట యింత నీటినెట్లు ఆపుచున్నది? కట్టినవారు కొండల సందును కనిపెట్టిరి. తక్కిన గోడను ప్రకృతియే కట్టియుంచినది. 2020 సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ నీటికట్టడములలో చేర్చిరి.

ఇచ్చట ఒక లెక్క చేయుదము. ఈ చెఱువునకు నీరు వచ్చి చేరు భూమి 430 చదరపు మైళ్లని పాత గెజిటీరు చెప్పుచున్నది. చదరపు మైలునకు 2,78,78,400 చదరపు టడుగులు. ఆ భూమియంతటినుండి ఒక్క అంగుళము లోతు నీరు పారి వచ్చినదనుకొందము. గుణించి, పండ్రెండుచే భాగించినచో సుమారు నూఱుకోట్ల ఘనపు టడుగులగును. వార్తాపత్రికలలో ఒక టి.ఎం.సి. అని వ్రాయుచుందురే, అదియే యిది! అయితే కురిసిన వానయంతయు పారిరాదు. కొంత నేల త్రాగును, కొంత చెట్లు త్రాగును, కొంత ఆవిరియగును. అడవియున్నచోట మిగిలిన నీరు మెల్లగ, తేటగ దిగివచ్చును. అడవి పోయినచోట ఒక్కమాటుగ, మన్నుతో కూడ దిగివచ్చును. ఆ మన్ను చెఱువులో కూర్చుండును. ఏటేట కొంచెము కొంచెముగ చెఱువు పూడును. కట్ట యెంత గట్టిదైనను, చెఱువునకు ఆయువు ఎగువనున్న అడవి చేతిలో నున్నది. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మనకు ముందు పనికలదు.

మన పూర్వులు ఈ శాస్త్రము నెఱుగని వారు కారు. గిద్దలూరికి దక్షిణముగ పోరుమామిళ్ల చెఱువు కలదు. దానిని విజయనగర రాజకుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించి, 1369లో శాసనము వేయించెను. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, చెడు చెఱువునకు ఆఱు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము; నీరు కొంచెమును ఆయకట్టు విశాలమును అగుట మఱియొక దోషము. నేటి ఇంజనీరును ఇట్లే చెప్పును.

రెండవ మజిలీ కంభమునుండి రాచర్ల వైపునకు. ఆ మండలమున సత్యవోలు గ్రామమందు రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయములు కలవు. బాదామి చాళుక్యుల కాలపు శిల్పరీతి వీనియందు కనబడుచున్నది. అనగా ఇవి పండ్రెండువందల యేండ్లకు మించినవి. కంభము చెఱువుకంటెను ఎంతయో ముందటివి. కొండలనుండి నీరు దిగు ఈ అంచున, అంతటి పూర్వకాలముననే గ్రామమును, పంటయును, శిల్పులను పోషింపగల ప్రజయును ఉండెనని ఆ రాళ్లు సాక్ష్యము చెప్పుచున్నవి. సైకిలును ఆలయపు గోడకు చేరవేయకుడు. రాతిపై మీ పేరు గీయకుడు. శిల్పి తన పేరు చెక్కక విడిచినచోట మన పేరు చెక్కుట సిగ్గుచేటు.

మూడవ మజిలీ నెమలిగుండము. ఇచ్చట గుండ్లకమ్మ నల్లమలను వెడలి, రాళ్లమీదినుండి దుమికి గుండమున పడును. ఒడ్డున రంగనాయకస్వామి ఆలయము కలదు. మార్కాపురమున ఇసుకయేరుగ చూచిన గుండ్లకమ్మను ఇచ్చట కొండబిడ్డగ చూతుము. గుండమున దిగి యీదుట మిక్కిలి ప్రమాదము. ఎగువ కొండలపై వానకురిసిన, మనమున్నచోట ఎండయుండగనే నీరు పొంగి రావచ్చును. ఇంతవఱకు మనము నదికెదురుగ వచ్చితిమి. ఇంకను ఎగువకు పోవలెనని మీ మనస్సు కోరును. ఇచ్చటనే ఆగవలెను.

4. ఆగవలసిన చోటు

ఎందుచేత ఆగవలెను? ఎదుట నున్నది నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము. ఇది 1978లో వన్యమృగ రక్షణస్థానముగ ప్రకటింపబడి, 1983లో పులుల రక్షణ ప్రణాళికలో చేరినది. రాష్ట్రము విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశమునకు మిగిలిన భాగము 3,296 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ననుసరించి, అనుమతిలేక ఈ యడవి లోపలికి పోరాదు.

బుద్ధిమంతుడగు విద్యార్థి ఇట్లు వాదింపవచ్చును: "అయ్యా, మన తాతలు ఈ యడవిగుండ నడచిరి గదా! త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పుద్వారము. ప్రోలయ వేమారెడ్డి యాత్రికులకై శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. నంద్యాలకు నందికనుమ, ఆత్మకూరికి మంత్రాలమ్మ కనుమ; బండ్లు ఆ దారులనే పోయినవి. మాకు మాత్రమెందుకీ అడ్డు?"

ఈ ప్రశ్న న్యాయమైనది. ఉత్తరము కూడ న్యాయముగ చెప్పవలెను. నందికనుమ గుండ గిద్దలూరునుండి నంద్యాలకును, పెద్దదోర్నాలనుండి శ్రీశైలమునకును నేడు అందఱును పోవు రోడ్లు కలవు. పండుగలకు పోవు యాత్రికులకు ఏర్పాట్లును కలవు. నిషేధము ఆ రోడ్లను వదలి లోపలికి చొచ్చు బాటలకు. దానికి మూడు కారణములు.

మొదటిది: సైకిలు చప్పుడు చేయదు. ఊరిలో అది గుణము. అడవిలో అదియే అపాయము. నడచు మనుష్యుని అడుగుల చప్పుడు, మాటల చప్పుడు విని ఎలుగుబంటి ముందే తొలగును. మలుపున చడిలేక వచ్చిన సైకిలును చూచి బెదరి మీద పడును. మృగముదికాదు తప్పు, అకస్మాత్తుగ దాని యింట చొఱబడినవానిది.

రెండవది: అది నిర్జనమైన చోటు కాదు. చెంచులు తరతరములుగ ఆ యడవిలో బ్రదుకుచున్నారు. తేనె, గడ్డలు, ఫలములు సేకరించు వారి బాటలు వారికి వాకిళ్లు. పిలువనిదే ఒకరి వాకిట మనము సైకిలు త్రొక్కుదుమా?

మూడవది మనకు మిక్కిలి దగ్గఱది. ఫాల్గుణ చైత్రములందు నల్లమలలో ఆకు రాలి, గడ్డి యెండియుండును. ఒక్క బీడీముక్క చాలును. కాలిన నేలపై తొలకరి కురిసినపుడు బూడిదయు మన్నును కొట్టుకొనివచ్చి యెచ్చట చేరును? కంభము చెఱువున చేరును. కట్టమీద నిలిచి మనము చేసిన లెక్క జ్ఞాపకమున్నదా? అడవిలో జరిగిన అజాగ్రత్తకు జరిమానా కట్టువాడు ఆయకట్టు రైతు. ఆ రైతు మీలో కొందఱి తండ్రియే.

ఇంకొక సంగతి. పడమటి ప్రకాశమునందలి పెక్కు గ్రామములలో బోరునీటియందు ఫ్లోరైడు హెచ్చుగ నున్నది. ఏండ్లతరబడి అట్టి నీరు త్రాగినవారికి పండ్లపై గారలు పట్టును, ఎముకలు బిగిసి నడుము వంగును. వాన నీటితో నిండిన చెఱువులలో ఈ దోషము సాధారణముగ తక్కువ. కావున చెఱువును కాపాడుట పంటకు మాత్రమే కాదు, మన యెముకలకును రక్షణయని తెలిసికొనుడు. ఆగవలసిన చోట ఆగుటయు ప్రయాణములో నొక భాగమే.

5. ప్రయాణ నియమములు

కార్తికమునుండి మాఘము వఱకు యాత్రకు తగిన కాలము. వేసవిలో ఈ సీమ యెండ నలువది డిగ్రీలు దాటును, అప్పుడు పోరాదు. తెల్లవాఱుజామున బయలుదేఱి, ఎండ ముదురకముందే మజిలీ చేరుడు.

ముగ్గురికి తక్కువగ పోకుడు. ఒకడు పడినచో ఒకడు కనిపెట్టుకొనియుండగా మూడవవాడు సహాయమునకు పోగలడు. అందఱికంటె మెల్లగ త్రొక్కువానిని ముందుంచుడు, అప్పుడెవ్వడును వెనుకబడడు.

మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండ నీరు ఇంటినుండియే తీసికొనిపొండు. పంపు, పంక్చరు సామాను, ఒక పానా, గాయమునకు గుడ్డ, కొంచెము బెల్లము, వేయించిన సెనగలు చాలును. పోవుదారిని, తిరిగివచ్చు వేళను ఇంటను బడిలోను వ్రాసియిచ్చి పొండు.

గొఱ్ఱెలమంద యెదురైన దిగి నిలువుడు. పొలముగట్టు మీద పైరు త్రొక్కకుడు. పెద్దలు కనబడిన, "అయ్యా, ఈ డొంక యెచ్చటికి పోవును?" అని వినయముతో అడుగుడు. పటముకంటె వారి మాట నమ్మదగినది. పైగా మంచినీళ్లు కూడ దొరకును.

తల్లిదండ్రులకొక మనవి. కుమారులతోపాటు కుమార్తెలను కూడ, తగిన పెద్దదిక్కుతో, ఇట్టి యాత్రలకు పంపుడు. తన ఊరి చెఱువునకు నీరెచ్చటినుండి వచ్చుచున్నదో కన్నులార చూచిన బాలిక, రేపు గృహమును గ్రామమును దిద్దుకొనుటలో ఎవరికిని తీసిపోదు.

6. మీరు చేయవలసిన పని

చదివి విడిచిన పాఠము ఊరక పోవును గావున, ఈ క్రింది పనులు సెలవులలో చేయుడు.

(1) మీ ఊరిలోని డొంకలన్నిటి పేర్లను తాతలనడిగి వ్రాయుడు. ఏ డొంక ఏ వాగునకు, ఏ బావికి, ఏ సంతకు పోవునో గుర్తింపుడు. వానిలో ఇప్పుడు మూసుకొనిపోయిన వెన్ని?

(2) మీ ఊరి చెఱువు అలుగు, తూము, కట్ట చూచి పటము గీయుడు. పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషములలో ఏవైన కలవేమో పరీక్షింపుడు.

(3) బాటమీద దొరకిన పది రాళ్లను ఏరి, క్వార్ట్‌జైటు యేదియో, పలకరాయి యేదియో వేఱుచేయుడు.

(4) మీ చెఱువునకు నీరిచ్చు భూమి పది చదరపు మైళ్లనుకొనుడు. రెండంగుళముల నీరు పారివచ్చిన, ఎన్ని ఘనపు టడుగులగును?

మొదటి ప్రశ్నకు మీరు వ్రాసితెచ్చు కాగితములన్నిటిని ఒక పుస్తకముగ కుట్టి పాఠశాల గ్రంథాలయమున నుంచవలెనని నా కోరిక. డొంకల పేర్లెఱిగిన వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. వారు పోయిన తరువాత ఆ బాట యెచ్చటిదని అడుగుటకు మనుష్యుడుండడు. కావున మొదట సైకిలునకు గాలి కొట్టుడు. పిదప తాతగారి ప్రక్కన కూర్చుండి, కాగితమును కలమును చేతబట్టుకొనుడు.